మూడు ఫీతీల బరువు: హవల్దారుకు ఉన్న అధికారం ఎంత, లేనిది ఎంత

కంభంలో మా చిన్నాయన ఇంట్లో మంచం కింద ఒక నల్ల ట్రంకు పెట్టె ఉంది. మూత మీద తెల్ల పెయింటుతో ఆయన ఆర్మీ నంబరు, ర్యాంకు, పేరు రాసి ఉంటాయి. నంబరు, పేరు మొదటి రోజున రాసినవే. ర్యాంకు దగ్గర మాత్రం నల్లరంగు మందంగా, వేలితో తడిమితే తెలిసేంత ఎత్తుగా ఉంటుంది. సిపాయి అన్న మాట మీద రంగు పూసి లాన్స్ నాయక్ అని, దాని మీద పూసి నాయక్ అని, దాని మీద కూడా పూసి హవల్దార్ అని రాయించాడు. ఆ రంగు పొరల్లో 24 ఏళ్ల సర్వీసు ఉంది.

మొన్న ఆ ఇంట్లోనే ఒక సందేహం వచ్చింది. మా వీధి కుర్రాడొకడు అగ్నివీర్‌గా, అంటే నాలుగేళ్ల సర్వీసుకు తీసుకునే సైనికుడిగా చేరి, లీవు మీద వచ్చాడు. వాళ్లమ్మ టెన్షన్ పడుతూ చిన్నాయన దగ్గరికి వచ్చింది. "అన్నా, మావాడికి అక్కడ హవల్దారే అన్నీ అంట. ఆయనకు కోపం వస్తే శిక్ష వేస్తాడంట. ఆయన ఒక మాట రాస్తే నాలుగేళ్లకి ఇంటికి పంపేస్తారంట. నిజమేనా?"

చిన్నాయన చెప్పిన జవాబు అక్కడున్న మా అందరికీ వింతగా అనిపించింది. "అమ్మా, హవల్దారుకి శిక్ష వేసే అధికారమే లేదు."

కంభం, గిద్దలూరు, బేస్తవారిపేట, రాచర్ల, కొమరోలు వైపు ఊళ్లలో సైన్యంలో పనిచేసినవాళ్లు, చేస్తున్నవాళ్లు చాలామంది కనిపిస్తారు. వాన మీద ఆధారపడ్డ నేల, నికరమైన జీతం వచ్చే కొలువు, ముందు వెళ్లిన అన్నను చూసి వెళ్లిన తమ్ముడు, ఇలా మొదలైన దారి ఇది. అయినా లోపల ఎవరి అధికారం ఎక్కడ మొదలై ఎక్కడ ఆగుతుందో ఇంట్లోవాళ్లకు సరిగా తెలియదు. అగ్నివీర్ తొలి బ్యాచ్ శిక్షణ 2023 జనవరిలో మొదలైంది కాబట్టి వాళ్లకు నాలుగేళ్లు నిండే సమయం దగ్గర పడింది. ఎవరిని ఉంచుతారు, ఎవరిని పంపుతారు, అందులో హవల్దారు మాట ఎంత అన్న ప్రశ్న ఇప్పుడు ప్రతి ఇంట్లోనూ ఉంది. దానికి జవాబు కావాలంటే కొంచెం వెనక్కి వెళ్లి మొదలుపెట్టాలి.

## పేర్లలోనే ఉన్న లెక్క

సైన్యంలో మనుషులు మూడు వరుసలు. పై వరుస అధికారులది: లెఫ్టినెంట్ మొదలు జనరల్ వరకు. వీళ్లకు రాష్ట్రపతి పేరిట నియామక పత్రం వస్తుంది, దాన్నే కమిషన్ అంటారు. నడిమి వరుస జేసీఓలది, అంటే జూనియర్ కమిషన్డ్ అధికారులది: నాయబ్ సుబేదార్, సుబేదార్, సుబేదార్ మేజర్. జవాన్లు వీళ్లను "సాబ్" అని పిలుస్తారు. బ్రిటిష్ కాలంలో తెల్ల అధికారులకూ దేశీ సిపాయిలకూ మధ్య నిలబెట్టిన వరుస ఇది. స్వాతంత్ర్యం వచ్చాక పేరు మారింది, వరుస నిలిచింది.

మూడోది కమిషన్ లేని వరుస. ఇందులో సిపాయి ఉన్నాడు, సిపాయిల మీద పెట్టిన పెద్దలూ ఉన్నారు. ఒక ఫీతీ ఉంటే లాన్స్ నాయక్, రెండు ఉంటే నాయక్, మూడు ఉంటే హవల్దార్. ఫీతీ అంటే భుజం కింద చొక్కా చేతి మీద ఉండే కోణపు పట్టీ. ఈ ముగ్గురినీ కలిపి ఎన్‌సీవోలు, అంటే నాన్ కమిషన్డ్ అధికారులు అంటారు. ట్యాంకుల రెజిమెంట్లలో సిపాయిని సవార్ అనీ, హవల్దారును దఫేదార్ అనీ పిలుస్తారు. పేర్లు వేరు, పని ఒకటే.

హవల్దారు అన్న పదం పారసీ నుంచి వచ్చింది. హవాలు అంటే అప్పగింత. మన పాత తెలుగు దస్తావేజుల్లోనూ "హవాలు చేయడం" అన్న మాట ఇదే అర్థంలో కనిపిస్తుంది. హవాలుదారు అంటే అప్పగింత పుచ్చుకున్నవాడు. మనుషులు, తుపాకులు, గుళ్లు, దుప్పట్లు, అన్నీ లెక్క ప్రకారం ఒప్పజెప్పిన తర్వాత, అడిగినప్పుడు మళ్లీ లెక్క చూపించాల్సినవాడు. అధికారం అన్న అర్థం ఆ పేరులో లేదు, జవాబుదారీ ఉంది. నాయక్ అంటే నాయకుడే, వేరే చెప్పక్కరలేదు.

జీతంలో తేడా చూస్తే ఇంకా స్పష్టంగా తెలుస్తుంది. ఏడో వేతన సంఘం ప్రకారం సిపాయి మూలవేతనం 21,700 రూపాయల దగ్గర మొదలవుతుంది. నాయక్‌ది 25,500, హవల్దారుది 29,200. నెలకు నాలుగు వేలకు లోపు తేడాతో ఒక మనిషి తన ఒక్కడి సంగతి చూసుకునేవాడి నుంచి పదిమంది ప్రాణాలు చూసుకునేవాడు అవుతాడు.

## పదిమంది, ఒక మోర్చా

పదాతి దళంలో అన్నిటికన్నా చిన్న జట్టును సెక్షన్ అంటారు. సుమారు పదిమంది ఉంటారు, హవల్దారో నాయకో నడుపుతాడు. మూడు సెక్షన్లు ఒక ప్లటూన్. దాన్ని సాధారణంగా జేసీఓ చూస్తాడు. మూడు ప్లటూన్లు ఒక కంపెనీ, మేజర్ చేతిలో ఉంటుంది. కంపెనీలన్నీ కలిసి దాదాపు 800 మంది బెటాలియన్. దాని మీద కమాండింగ్ ఆఫీసర్‌గా కల్నల్ ఉంటాడు. జవాన్లు ఆయన్ని సీవో సాబ్ అంటారు.

కాగితం మీద ఆజ్ఞ కల్నల్ దగ్గర పుడుతుంది. కొండ మీద, చీకట్లో, మంచులో అది పని అయ్యేది ఆ పదిమంది దగ్గరే. 1948 ఫిబ్రవరి 6న జమ్మూ కశ్మీర్‌లోని నౌషేరా దగ్గర టైన్‌ధార్ అనే చోట ముందు మోర్చాలో, అంటే శత్రువుకు ఎదురుగా ఉన్న కాపు స్థావరంలో, తొమ్మిదిమంది ఉన్నారు. వాళ్ల నాయకుడు రాజ్‌పుత్ రెజిమెంట్ నాయక్ జదునాథ్ సింగ్. మొదటి దాడిని తిప్పికొట్టేసరికి నలుగురు గాయపడ్డారు. ఉన్నవాళ్లను సర్దుకుని ఆయన రెండో దాడికి నిలబడ్డాడు. అప్పటికి ఆయనతో సహా అందరూ గాయపడ్డారు. బ్రెన్‌గన్ పట్టుకున్నవాడు పడిపోతే తనే ఆ తుపాకీ అందుకున్నాడు. మూడో దాడిలో ఒక్కడే స్టెన్‌గన్‌తో ఎదురెళ్లి ప్రాణం వదిలాడు. పరమవీర చక్ర ఇచ్చారు. ఆ రెండు ఫీతీల మనిషికి ఆ రోజు పక్కన అడగడానికి పై అధికారి ఎవరూ లేరు.

1965 సెప్టెంబర్‌లో ఖేమ్‌కరణ్ దగ్గర పాకిస్తాన్ ట్యాంకులను జీపు మీది తుపాకీతో కూల్చిన అబ్దుల్ హమీద్ కూడా హవల్దారే. ఆయన పదవి కంపెనీ క్వార్టర్ మాస్టర్ హవల్దార్. అంటే రేషన్, బట్టలు, సామాన్ల లెక్క చూసే పని. కానీ ట్యాంకులను కొట్టే ఆ తుపాకీ మీద అంతకుముందు శిక్షకుడిగా పనిచేశాడు. పని వచ్చినవాడు కావాల్సి వచ్చినప్పుడు సామాన్ల లెక్క పక్కన పెట్టి జీపెక్కాడు.

## ఆజ్ఞ ఇవ్వడం వేరు, శిక్ష వేయడం వేరు

ఇప్పుడు చిన్నాయన మాటకు వద్దాం. సైన్యంలో క్రమశిక్షణకు పునాది 1950 నాటి సైనిక చట్టం. దీన్ని చదివితే మూడు వేర్వేరు అధికారాలు కనిపిస్తాయి. బయటివాళ్లు ఈ మూడింటినీ ఒకటే అనుకోవడం వల్లే గందరగోళం.

మొదటిది ఆజ్ఞాపించడం. ఇది ఎన్‌సీవోకు పూర్తిగా ఉంది. చట్టంలో "పై అధికారి" అన్న మాటకు ఇచ్చిన నిర్వచనంలోనే ఎన్‌సీవో ఉన్నాడు. కాబట్టి నాయక్ ఇచ్చిన న్యాయమైన ఆజ్ఞను ధిక్కరించినా, కల్నల్ ఆజ్ఞను ధిక్కరించినా నేరం పేరు ఒకటే. ముఖం మీద, కావాలని ధిక్కరిస్తే 41వ సెక్షన్ కింద 14 ఏళ్ల వరకు జైలు పడవచ్చు.

రెండోది నిర్బంధంలో పెట్టించడం. నేరం మోపిన మనిషిని అతనిపై ఉన్న ఎవరైనా మిలిటరీ కస్టడీకి పంపవచ్చు. ఎన్‌సీవోకు ఇదీ ఉంది. తాగి రైఫిల్ ఊపుతున్నవాణ్ణి అధికారి వచ్చేదాకా చూస్తూ కూర్చోలేరు కదా. అయితే విషయం కమాండింగ్ ఆఫీసర్‌కు చేరాక, విచారణ మొదలుపెట్టకుండా 48 గంటలకు మించి ఆ మనిషిని ఉంచకూడదని చట్టం అంటుంది.

మూడోది శిక్ష వేయడం. ఇది ఎన్‌సీవోకు లేదు. 80వ సెక్షన్ కింద చిన్న తప్పులకు అక్కడికక్కడే శిక్ష వేసే అధికారం కమాండింగ్ ఆఫీసర్‌కూ, ఆ అధికారం దఖలు పడిన ఇతర అధికారులకూ మాత్రమే ఉంది. అంతకన్నా పెద్దవైతే కోర్టు మార్షల్, అంటే సైనిక న్యాయస్థానం.

దీని అర్థం ఏమిటో కొంచెం ఆగి చూడాలి. రోజుకు 24 గంటలూ జవాన్లతో ఉండేవాడు, వాళ్లతో ఒకే బ్యారక్‌లో పడుకుని ఒకే లంగర్‌లో తినేవాడు, వాళ్ల చేత పని చేయించాల్సినవాడు ఎన్‌సీవో. అతని చేతిలో శిక్ష లేదు. ఫిర్యాదు ఉంది, నిర్బంధం ఉంది, ఆ రెంటినీ మాటిమాటికీ వాడితే "ఈ మనిషికి పదిమందిని నడపడం చేతకావడం లేదు" అన్న పేరు తనకే వస్తుంది. మరి దేనితో నడపాలి? తెల్లారి ఫాలిన్‌కి (వరుసలో నిలబడే పిలుపుకు) అందరికన్నా ముందు నిలబడి ఉండటం, రైఫిల్ విప్పి బిగించడం అందరికన్నా వేగంగా రావడం, ఎవడి ఇంట్లో ఏ కష్టం ఉందో తెలిసి ఉండటం. సైన్యంలో నాయకత్వం గురించి చెప్పే పెద్ద మాటలన్నీ కింది స్థాయికి వచ్చేసరికి ఇవే అవుతాయని నా అభిప్రాయం. దీన్ని మంచితనం అని తేలిగ్గా తీసిపారేయలేం. చట్టం ఆ మనిషికి ఇంకో ఆయుధం ఇవ్వలేదు.

## కోత్ ముందు నిద్రపోయిన సెంట్రీ

ఒక ఊహా ఉదాహరణతో ఇది విప్పి చూద్దాం. ఆయుధాలు భద్రపరిచే గదిని సైన్యంలో కోత్ అంటారు. దాని ముందు రాత్రంతా కాపలా. ఒక నాయక్ గార్డ్ కమాండర్, అతని కింద ముగ్గురు సిపాయిలు. లెక్క ప్రకారం ఒక్కొక్కరు రెండు గంటలు నిలబడాలి, నాలుగు గంటలు విశ్రాంతి. రాత్రి మూడింటికి డ్యూటీ ఆఫీసర్ తనిఖీకి వచ్చేసరికి సెంట్రీ, అంటే కాపలా ఉన్న సిపాయి, గోడకు ఆనుకుని నిద్రపోతున్నాడు.

నేరం స్పష్టమే. సెంట్రీ నిద్రపోతే 36వ సెక్షన్ ప్రకారం యుద్ధసేవలో ఉన్నప్పుడు 14 ఏళ్లు, మామూలు కాలంలో 7 ఏళ్లు గరిష్ఠ శిక్ష. గరిష్ఠం అన్న మాట గుర్తుంచుకోవాలి. పొద్దున సిపాయిని కమాండింగ్ ఆఫీసర్ ముందు నిలబెడతారు. ఆరోపణను అతని ఎదుటే వినాలి. సాక్షులను అతను ప్రశ్నించవచ్చు, తన వైపు సాక్షులను పిలిపించవచ్చు. ఆ తర్వాత ఆరోపణ కొట్టేయడమా, 80వ సెక్షన్ కింద శిక్ష వేయడమా, కోర్టు మార్షల్ వైపు నడపడమా అన్నది తేలుతుంది.

విచారణలో ఒక విషయం బయటపడిందనుకుందాం. ముగ్గురిలో ఒకణ్ణి నాయక్ ఆ సాయంత్రం సొంత పని మీద బజారుకు పంపాడు, వాడు రాత్రికి తిరిగి రాలేదు. మిగిలిన ఇద్దరూ రెండు గంటలు నిలబడి రెండే గంటలు పడుకుంటూ రాత్రి గడిపారు. ఇప్పుడు తప్పు ఎవరిది?

సిపాయిది తప్పే. నిద్ర వస్తోందని గార్డ్ కమాండర్‌ను లేపవచ్చు, లేపలేదు. కానీ నాయక్ తప్పు వేరే రకం. అతను నిద్రపోలేదు, ఏ రూలూ పైకి మీరినట్టు కనబడదు. తనకు అప్పగించిన ముగ్గురి లెక్కను ఇద్దరి లెక్క చేశాడు. సైన్యంలో బాధ్యత అన్నప్పుడు ఈ రెండో రకాన్నే బరువుగా చూస్తారు. మన జిల్లాలకు ఈ ఆలోచన కొత్తేమీ కాదు. పూర్వం గ్రామాల్లో కావలి వ్యవస్థ ఉన్నప్పుడు దొంగతనం జరిగితే, దొంగ దొరక్కపోతే, పోయిన సొత్తు కావలివాడే కట్టివ్వాలన్న కట్టుబాటు ఉండేది. నెల్లూరు జిల్లాలో ఆ మాటే పేరుగా ఒక పట్టణం ఉంది.

ఇక శిక్ష దగ్గర చట్టం ఒక ఆసక్తికరమైన తేడా పెట్టింది. కమాండింగ్ ఆఫీసర్ ఆ సిపాయికి 28 రోజుల వరకు మిలిటరీ కస్టడీలో ఖైదు వేయవచ్చు. లేదా అన్నే రోజులు లైన్లు (బ్యారక్‌లు) దాటి వెళ్లకుండా కట్టడి చేయవచ్చు. అదే అధికారి ఆ నాయక్‌కు ఇవేవీ వేయలేడు. 81వ సెక్షన్ అడ్డం వస్తుంది. ఎన్‌సీవోకు ఆ పద్ధతిలో వేయగలిగిన శిక్షల్లో ముఖ్యమైంది మందలింపు లేదా తీవ్ర మందలింపు. తమాషా ఏమిటంటే ఈ మందలింపు అన్న శిక్ష సిపాయికి వేయడానికి వీల్లేదు.

పైపైన చూస్తే పెద్దవాడికి చిన్న శిక్ష, చిన్నవాడికి పెద్ద శిక్ష అనిపిస్తుంది. అలా విమర్శించేవాళ్లూ ఉన్నారు. రెండో వైపు వాదన ఇది: నెల రోజులు ఖైదులో ఉండి వచ్చిన నాయక్ మళ్లీ ఆ పదిమంది ముందు నిలబడి ఆజ్ఞ ఇస్తే ఎవరు వింటారు? నాయకుడిగా ఉంచితే పరువుతో ఉంచాలి, లేదా ఫీతీలు తీసేయాలి. అందుకే కోర్టు మార్షల్‌లో ఎన్‌సీవోకు ఖైదు పడితే అతను సిపాయి స్థాయికి దిగిపోయినట్టే లెక్కని అదే చట్టం చెబుతుంది.  పైగా తీవ్ర మందలింపు మాటతో పోయేది కాదు. సర్వీసు రికార్డులో ఎర్ర సిరాతో చేరుతుంది. తర్వాత ప్రమోషన్ బోర్డు ముందు ఆ కాగితమే మాట్లాడుతుంది.

## ఏ ఆజ్ఞ ఆజ్ఞ అవుతుంది?

చట్టం "న్యాయమైన ఆజ్ఞ" అంటుంది, వట్టి ఆజ్ఞ అనదు. మూడు సందర్భాలు చూడండి. "ఈ రాత్రి పెట్రోలింగ్‌కు నువ్వు రావాలి" అని హవల్దారు చెబితే, జ్వరం లేనంతవరకు అది తిరుగులేని ఆజ్ఞ. "నా మోటార్‌సైకిల్ కడుగు" అంటే అది సైనిక విధికి సంబంధించింది కాదు. కడగకపోతే 41వ సెక్షన్ కింద కేసు నిలబడటం కష్టం. "లొంగిపోయినవాణ్ణి కాల్చెయ్" అంటే అది ఆజ్ఞే కాదు. 1949 జెనీవా ఒప్పందాలు అలాంటి చర్యను నిషేధించాయి, వాటి కోసం మన దేశంలో 1960లో చట్టం కూడా వచ్చింది. అది విని కాల్చినవాడు "హవల్దారు చెప్పాడు" అని తప్పించుకోలేడు. సైనికుడు చట్టం ప్రకారం వచ్చిన ఆజ్ఞతో అల్లరి మూక మీద కాల్పులు జరిపితే నేరం కాదని పాత శిక్షాస్మృతి 76వ సెక్షన్‌లో ఉదాహరణ ఉంది. ఇప్పుడది భారతీయ న్యాయ సంహిత 14వ సెక్షన్. ఆ ఉదాహరణలోనూ కీలకం "చట్టం ప్రకారం" అన్న మాటే.

మొదటిదీ మూడోదీ తేలిక. చిక్కంతా రెండోదాంట్లో ఉంది. అధికారుల దగ్గర సహాయక్‌లుగా పనిచేసే జవాన్ల గొడవ అందుకే ఏళ్ల తరబడి తెగలేదు. అధికారి ఆయుధం, యూనిఫాం సిద్ధంగా ఉంచడం, యుద్ధంలో పక్కన ఉండటం సహాయక్ పని అని సైన్యం చెబుతుంది. ఆచరణలో ఇంటి పనులు చేయిస్తున్నారన్నది ఫిర్యాదు. 2008లో పార్లమెంటు రక్షణ స్థాయీ సంఘం ఈ పద్ధతిని తీసేయాలని గట్టిగా చెప్పింది. 2017 జనవరిలో జవాన్లు సోషల్ మీడియాలో వీడియోలు పెట్టినప్పుడు మళ్లీ పెద్ద చర్చ అయింది. అప్పటి సైన్యాధిపతి జనరల్ బిపిన్ రావత్ నేరుగా ఫిర్యాదులు వేసే పెట్టెలు పెట్టిస్తామని ప్రకటించారు. వీడియో పెట్టడం క్రమశిక్షణ తప్పడమే అని ఒక వాదన. లోపలి దారులు పనిచేసి ఉంటే ఫోన్ ఎందుకు తీస్తాడు అని ఇంకో వాదన. నాకు రెండూ నిజమే అనిపిస్తాయి.

## రగడా: శిక్షణా, శిక్షా?

సైన్యం నుంచి వచ్చినవాళ్లు ఈ మాట చెప్పకుండా ఉండరు. బూటు పాలిష్ సరిగా లేదని ఫ్రంట్ రోల్స్, ఒకడు ఆలస్యంగా వచ్చాడని జట్టు మొత్తానికి వీపున పిట్టూ (బరువు సంచి) వేసుకుని పరుగు. శిక్షణ కేంద్రంలో ఉస్తాద్, అంటే శిక్షకుడు, చేయించే ఈ పనిని రగడా అంటారు. చట్టంలో ఈ మాట లేదు. శిక్షల జాబితాలో కప్పగెంతులు లేవు.

కావాలి అనేవాళ్ల మాట బలమైనదే. ఒంట్లో శక్తి అయిపోయాక కూడా మెదడు మాట వినడం నేర్పాలంటే ఒంటిని ఆ స్థితికి తేవాలి. ఒకడి తప్పుకు అందరూ పరిగెత్తితే రేపు ఒకడి తప్పుకు అందరూ చస్తారన్న సంగతి ఎక్కుతుంది. మా చిన్నాయన ఈ వాదన మనిషే.

వద్దనేవాళ్లు అడిగేది ఒకటే. శిక్షణకు, కక్షకు మధ్య గీత ఎవరు గీస్తారు? చట్టం ఆ గీతను ఒక చోట గీసింది. కింది ర్యాంకు మనిషిని కొట్టినా, మరోలా హింసించినా అధికారి నుంచి ఎన్‌సీవో దాకా ఎవరికైనా 47వ సెక్షన్ కింద ఏడేళ్ల వరకు జైలు. కానీ చెంపదెబ్బకూ, 40 డిగ్రీల ఎండలో రెండు గంటల రగడాకూ మధ్య చాలా చోటుంది. అక్కడ ఉస్తాద్ విచక్షణే చట్టం.

భయం ఎక్కువైతే ఏమవుతుందో మన పక్కనే ఒక పాత పాఠం ఉంది. 1806లో వెల్లూరు కోటలో మద్రాసు సైన్యం సిపాయిలు తిరగబడ్డారు. కొత్త తలపాగా, గడ్డం తీయడం, నొసటి బొట్టు చెరపడం గురించి వచ్చిన ఆజ్ఞలు కారణం. ముందే అభ్యంతరం చెప్పినవాళ్లలో ఇద్దరికి చెరి 900 కొరడా దెబ్బలు శిక్ష వేశారు. జూన్‌లో ముస్తఫా బేగ్ అనే సిపాయి తన కల్నల్ దగ్గరికి వెళ్లి ఏదో జరగబోతోందని చెప్పాడు. విచారించమని దేశీ అధికారులకే అప్పగిస్తే, వాళ్లు ఇతనికి పిచ్చి అన్నారు. అతన్ని బంధించారు. జులై 10 తెల్లవారుజామున కోట అంటుకుంది. మద్రాసు గవర్నర్ బెంటింక్‌ను, సేనాధిపతి క్రాడక్‌ను తర్వాత వెనక్కి పిలిపించారు. కిందివాడి మాట పైకి వెళ్లాల్సిన దారిలో నిలబడ్డ మనుషులే ఆ దారి మూసేస్తే పైవాడికి ఏమీ వినపడదు. ఆ దారిలో మొదటి మెట్టు ఎప్పుడూ ఎన్‌సీవోనే.

## లీవు అయిపోయింది, అమ్మ ఆస్పత్రిలో ఉంది

ఊళ్లో ఇంట్లోవాళ్లకు సైనిక చట్టం ఎదురయ్యేది యుద్ధంలో కాదు, సెలవు దగ్గర. జవానుకు ఏడాదికి 60 రోజుల వార్షిక సెలవు, 30 రోజుల క్యాజువల్ సెలవు ఉంటాయి. తిరుగు ప్రయాణానికి రెండు రోజుల ముందు తల్లి ఒంగోలు ఆస్పత్రిలో చేరిందనుకుందాం. కుర్రాడు తన హవల్దారుకు ఫోన్ చేస్తాడు. అవతల నుంచి "సరే, చూద్దాంలే" అన్న మాట వినిపిస్తుంది. ఇంట్లోవాళ్లు అనుమతి వచ్చిందనుకుంటారు.

రాలేదు. సెలవు పొడిగించే అధికారం కూడా హవల్దారుకు లేదు. అతను పైకి చేర్చగలడు. ప్లటూన్ జేసీఓ, కంపెనీ కమాండర్ దాటి మంజూరు వచ్చేదాకా ఆ కుర్రాడు అనుమతి లేకుండా ఉండిపోయిన మనిషే. 39వ సెక్షన్ కింద దానికి మూడేళ్ల వరకు శిక్ష ఉంది, తగిన కారణం లేకపోతేనే అన్న షరతుతో. 30 రోజులు దాటితే కోర్ట్ ఆఫ్ ఎంక్వైరీ కూర్చుంటుంది. తగిన కారణం దొరక్కపోతే అతని గైర్హాజరును నమోదు చేస్తుంది, ఆ తర్వాత అతను పట్టుబడకా, తనంతట తాను రాకా ఉంటే పారిపోయినవాడిగా లెక్క కడతారు. ఆలస్యానికీ పారిపోవడానికీ తేడా మనిషి ఉద్దేశంలో ఉంది. ఉద్దేశం కళ్లకు కనపడదు కాబట్టి డాక్టరు కాగితం, యూనిట్‌కు పంపిన సందేశం ఉన్నాయా లేవా అన్నది చూస్తారు.

ఇక్కడ ఇంకో సంగతి చాలామందికి తెలియదు. సైనికుల సర్వీసు వివాదాల కోసం 2007 చట్టంతో సాయుధ దళాల ట్రిబ్యునల్ వచ్చింది, 2009లో పని మొదలుపెట్టింది. మంచి మార్పే. కానీ సెలవు, బదిలీ వివాదాలను ఆ చట్టమే ట్రిబ్యునల్ పరిధి బయట పెట్టింది. తల్లి ఆస్పత్రిలో ఉంటే సెలవు దొరుకుతుందా లేదా అన్నది ఏ ట్రిబ్యునల్‌లోనూ తేలే విషయం కాదు. అధికారి జవాన్లందరితో మాట్లాడే సైనిక్ సమ్మేళన్‌లో లేచి చెప్పుకోవచ్చు. అర్జీ రిపోర్ట్ పెట్టుకుని అధికారిని కలవవచ్చు. 26వ సెక్షన్ కింద రాతపూర్వకంగా ఫిర్యాదు చేయవచ్చు. వాటన్నిటికన్నా ముందు, ఆ ఫోన్ ఎత్తిన హవల్దారు ఆ రాత్రే కంపెనీ కమాండర్ తలుపు తట్టాడా, పొద్దున చూద్దాంలే అని పడుకున్నాడా అన్నదే చాలాసార్లు తేల్చేస్తుంది.

## వేగమా, న్యాయమా?

కోర్టు మార్షల్‌లు నాలుగు రకాలు. సిపాయిలకు, ఎన్‌సీవోలకు ఎక్కువగా ఎదురయ్యేది సమ్మరీ కోర్టు మార్షల్. కమాండింగ్ ఆఫీసర్ ఒక్కడే న్యాయమూర్తి, ఏడాది వరకు జైలు వేయగలడు. నిందితుడికి పక్కన సలహా చెప్పే ఒక స్నేహితుణ్ణి ఇస్తారు, అతను కోర్టుతో వాదించడానికి లేదు. యూనిట్ సరిహద్దులో ఉంటుంది, సాక్షులు రేపు బదిలీ అవుతారు, అక్కడికక్కడే తేలకపోతే క్రమశిక్షణ ఉండదన్నది సమర్థన. ఫిర్యాదు అందుకున్నవాడూ తీర్పు చెప్పేవాడూ ఒక్కడే కావడం న్యాయం కాదన్నది విమర్శ. రాజ్యాంగం 33వ అధికరణ సైనికుల ప్రాథమిక హక్కులను పరిమితం చేసే వీలు పార్లమెంటుకు ఇచ్చింది కాబట్టి ఈ ఏర్పాటు నిలిచింది.

అలాగని కోర్టులు పూర్తిగా దూరంగా లేవు. నాలుగు ఎర్ర సిరా ఎంట్రీలు పడితే సిపాయిని పనికిరానివాడని ఇంటికి పంపేసే అలవాటు ఉండేది. 2015లో సుప్రీంకోర్టు అలా అంకె చూసి పంపడం కుదరదంది. ముందు విచారణ జరపాలి, తప్పుల స్వభావం చూడాలి, ఎన్నేళ్లు చేశాడో, ఎంత కష్టమైన చోట్ల చేశాడో, పింఛనుకు ఎంత దగ్గరగా ఉన్నాడో లెక్కలోకి తీసుకోవాలని చెప్పింది.

## నాలుగేళ్ల సైనికుడు, ఇరవై నాలుగేళ్ల హవల్దారు

ఇప్పుడు అగ్నివీర్ దగ్గరికి. 2022 జూన్ 14న ప్రకటించిన ఈ పథకంలో సర్వీసు నాలుగేళ్లు. మొదటి ఏడాది నెలకు 30 వేలు, నాలుగో ఏడాదికి 40 వేలు. చివర సేవానిధి కింద సుమారు 11.71 లక్షలు, పింఛను లేదు. బ్యాచ్‌లో 25 శాతం వరకు రెగ్యులర్‌గా తీసుకుంటారు, వాళ్లు కనీసం మరో 15 ఏళ్లు చేస్తారు. అగ్నివీర్ అన్నది పాత ర్యాంకుల్లో చేరని ప్రత్యేక ర్యాంకు.

ప్రభుత్వ వాదన సైన్యం వయసు గురించి. సగటు 32 నుంచి 26కు దిగుతుందని చెప్పారు. కార్గిల్ సమీక్షా సంఘం కూడా సైన్యం కుర్రతనంతో ఉండాలని చెప్పిన మాట నిజమే. అయితే ఆ సంఘం సూచించింది 7 నుంచి 10 ఏళ్ల సర్వీసు. విమర్శకులు అడిగేది హవల్దారు వైపు నుంచి చూస్తే బాగా అర్థమవుతుంది. పూర్వం ఒక సిపాయి తప్పు చేస్తే దిద్దడానికి పదిహేనేళ్లుండేవి. ఇప్పుడు శిక్షణ పోగా మూడున్నరేళ్లు. పైగా ఒకే మోర్చాలో ఉన్న నలుగురు కుర్రాళ్లలో ఒకడే మిగులుతాడని నలుగురికీ తెలుసు. పోటీ ఉంటే అందరూ గట్టిగా పనిచేస్తారని ఒకరంటారు. పక్కవాడు పోటీదారైతే వాడి కోసం ప్రాణం అడ్డం పెట్టడం కష్టమని ఇంకొకరంటారు. నా మటుకు నాకు రెండో భయమే పెద్దదిగా కనపడుతుంది, ఎందుకంటే 2030ల నాటి నాయక్‌లు, హవల్దార్లు ఈ నాలుగోవంతులోంచే రావాలి.

ఆ తల్లి అడిగిన ప్రశ్నకు జవాబు మాత్రం కొంత ధైర్యం ఇచ్చేదే. ఎవరిని ఉంచాలన్నది ఒక్క హవల్దారు కలంతో తేలదు. నాలుగేళ్ల పనితీరుతో సహా నిర్దిష్టమైన కొలమానాల మీద, కేంద్రీకృతంగా ఎంపిక జరుగుతుందని పథకంలోనే రాశారు. హవల్దారు చూసింది ఆ పనితీరులో ఒక భాగం అవుతుంది.

చిన్నాయన ఇదంతా చెప్పాక ఆ కుర్రాడు అడిగాడు: "మీ టైంలో మీ మీద ఎవరూ రిపోర్టు రాయలేదా, మామా?"

రాశారంట. రెండో ఏడాదిలో కాపలాలో నిలబడి నిద్రపోయాడు. మెలకువ వచ్చేసరికి చేతిలో రైఫిల్ లేదు. గార్డ్ కమాండర్ నాయక్ దాన్ని పట్టుకుని తన చోట నిలబడి ఉన్నాడు, రెండు గంటలూ అయ్యేదాకా ఒక్క మాట అనలేదు. పొద్దున తీసుకెళ్లి కంపెనీ కమాండర్ ముందు నిలబెట్టాడు, జరిగింది జరిగినట్టు చెప్పాడు. ఏడు రోజులు లైన్ల కట్టడి పడింది. ఆ ఏడు రోజులూ సాయంత్రం రోల్‌కాల్ అయ్యాక ఆ నాయకే వచ్చి, పక్కన కూర్చోబెట్టుకుని, రాత్రి కాపలాలో నిద్ర ఆపుకోవడానికి తను ఏం చేస్తాడో చెప్పేవాడట.

ఆ మనిషి పేరు చిన్నాయనకు ఆర్మీ నంబరుతో సహా ఇప్పటికీ గుర్తుంది. చెబుతున్నంతసేపూ పెట్టె మూత మీద, ర్యాంకు రాసిన చోట, బొటనవేలు పెట్టి రుద్దుతూనే ఉన్నాడు.